హీటరు పెడితే చల్లగాలే వస్తోంది

అంబాజీపేట దగ్గరి ఒక పల్లె నుంచి ఓ సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. అందులోని సంగతి కుదించి చెబుతాను.

వాళ్ళ నాన్నగారు 2008లో కొన్న పెట్రోలు వ్యాగన్ ఆర్ అది. ఈమెకి డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే, ఆ బండిలోనే, కాలవగట్టు మీద. రెండేళ్ళ కిందట ఆయన పోయాక బండి ఈమె చేతికొచ్చింది. అక్కగారు చింతపల్లిలో ఆశ్రమ పాఠశాల టీచరు, ఈమధ్యే పురుడు పోసుకున్నారు. మనవణ్ణి చూడాలని అమ్మగారి ఆరాటం. అందుకని రెండో శనివారం వచ్చిందంటే అమ్మని ఎక్కించుకుని రావులపాలెం, రాజమండ్రి, తుని, నర్సీపట్నం మీదుగా వెళుతున్నారు. అమ్మగారికి అరవై ఎనిమిదేళ్ళు. చలిగాలి తగిలితే ఆయాసం.

కిందటి ప్రయాణంలో తెల్లవారుజామున అయిదింటికి లంబసింగి ఘాట్‌లో ముందద్దం లోపలివైపు పూర్తిగా మసకబారిపోయింది. హీటరు మీట చివరిదాకా జరిపితే చల్లగాలే వచ్చింది. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో చున్నీతో అద్దం తుడుచుకుంటూ మలుపులు తిరిగారు. ఎదురుగా కూరగాయల వ్యాను వచ్చి మీద పడ్డంత పనైంది. ఇక ధైర్యం చాలక బండి పక్కకి తీసి, తెల్లారేదాకా కూర్చున్నారు. అమ్మగారి కాళ్ళు కొంకర్లు పోయాయి.

ఇంటికొచ్చాక తలా ఒక మాట. పదిహేనేళ్ళ పైగా ఈ బండి చూస్తున్న మెకానిక్ నాన్నగారి స్నేహితుడు, ఈమె బాబాయి అని పిలిచే మనిషి. ఆయనేమో "ఎండకి చస్తుంటే మన కోనసీమలో హీటరెందుకమ్మాయ్" అన్నారట. ఏడెనిమిదేళ్ళ కిందట ఎండాకాలంలో ఇంజను మరిగిపోతే ఇంజను నీళ్ళ దారిలో ఉండే థర్మోస్టాట్ వాల్వు తీసేశానని కూడా చెప్పారు. రాజమండ్రిలో ఇంకో షెడ్డువాళ్ళు బోనెట్ ఎత్తి చూసి, హీటరు కాయిల్ పోయింది, డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, వేలల్లో అవుతుందన్నారు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు అమ్మేయమంటున్నాడు. భర్త సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే చిన్న హీటరు తెప్పించారు. దానివల్ల ఏమీ వెచ్చబడలేదు.

ఆమె అడిగింది ఇది: "ఎవరి మాట వినాలో తెలియడం లేదండి. బాబాయికి చెప్పకుండా వేరేచోట చేయిస్తే ఆయన మొహం ఎలా చూడను? నాన్న ఉంటే ఏం చేసేవారో అని రోజూ అనుకుంటున్నాను."

అమ్మా, మిగతాదంతా తర్వాత. ముందు అద్దం సంగతి చెబుతాను. హీటరు బాగయ్యేదాకా అది ఆగకూడదు.

ఆ రోజు అద్దానికి పట్టింది బయటి మంచు కాదు, మీ ఇద్దరి ఊపిరి. కిటికీలు బిగించిన బండిలో ఊపిరిలోని తడి ఎటూ పోలేక చల్లటి అద్దానికి అంటుకుంటుంది. మనవైపు దుమ్ముకీ ఎండకీ అలవాటుపడి లోపలి గాలి లోపలే తిరిగేలా మీట పెట్టేస్తాం. అది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. మీ బండిలోనూ అలాగే ఉందేమో చూడండి. ఉంటే బయటిగాలి వైపు జరపండి, గాలిని అద్దం మీదికి మళ్ళించండి, ఏసీ వేయండి. చలిలో ఏసీ ఏమిటని అమ్మగారు అంటారు. కానీ ఏసీ గాలిలోని తడిని పిండేస్తుంది. ఎండాకాలం బండి కింద కారే నీళ్ళు ఆ తడే. హీటరు పనిచేసే బండిలో రెండూ కలిపి వేస్తే అద్దం తేటపడుతుంది, కాళ్ళకీ వెచ్చగా ఉంటుంది. మీకు ప్రస్తుతం మొదటిది ఒక్కటే దక్కుతుంది, అయినా దారి కనబడుతుంది. చలి మరీ ముదిరితే ఏసీ కంప్రెసరు తనంతట తను ఆగిపోతుంది. అప్పుడు వెనక కిటికీలు రెండూ వేలెడు మేర దించండి. బయల్దేరే ముందురోజు అద్దం లోపలివైపు తడిగుడ్డతో, ఆ తర్వాత పొడి కాగితంతో బాగా తుడవండి. జిడ్డు పొర ఉన్న అద్దం తొందరగా మసకబారుతుంది.

ఇంకొకటి. మీరు ఆ రోజు తెల్లారేదాకా బండిలో కూర్చున్నానన్నారు, ఇంజను ఆపారో లేదో రాయలేదు. లంబసింగిలో మంచు చూడ్డానికి వచ్చేవాళ్ళు చాలామంది ఇంజను నడుస్తుండగా అద్దాలు బిగించుకుని నిద్రపోతారు. సైలెన్సరు గొట్టంలో ఎక్కడైనా చిల్లు ఉంటే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆగాల్సివస్తే ఇంజను ఆపేయండి, అమ్మగారి ఒళ్ళో వేడినీళ్ళ సంచి పెట్టండి. కుంపటి లాంటిదేదీ బండిలో పెట్టొద్దు.

ఇక హీటరు. ఏసీలాగా దీనికి సొంత యంత్రం ఏమీ లేదు. ఇంజను కాలేటప్పుడు పుట్టే వేడిని నీళ్ళు మోసుకుపోతాయి. ఆ నీళ్ళలో కొంత డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోంచి వెళుతుంది. దాన్నే కొందరు హీటరు కోర్ అనీ, కొందరు కాయిల్ అనీ అంటారు. బ్లోయరు దాని మీదుగా గాలి కొడుతుంది. అంతే. కాబట్టి హీటరు చల్లగా ఉందంటే మూడింట్లో ఒకటి జరిగి ఉండాలి: ఇంజను నీళ్ళు వేడెక్కడం లేదు, వేడెక్కినా ఆ చిన్న రేడియేటర్‌లోకి వెళ్ళడం లేదు, లేదా వెళ్ళినా గాలి దాని మీదుగా రావడం లేదు.

మీ ఉత్తరం చివరి పేజీలో, ఏదో మాటవరసకి అన్నట్టు మూడు సంగతులు రాశారు. ఘాట్ ఎక్కేటప్పుడు కాస్త గోరువెచ్చగా ఉందనీ, దిగేటప్పుడు అదీ లేదనీ. వేడి చూపించే ముల్లు ఎప్పుడూ పావు దాటదనీ. లీటరుకి పదహారు ఇచ్చే బండి పదమూడుకి దిగిందనీ. నాకు ఉత్తరమంతటిలోనూ అవే విలువైన మాటలు. ఎక్కేటప్పుడు ఇంజను కష్టపడుతుంది, వేడి పుడుతుంది. దిగేటప్పుడు ఊరికే తిరుగుతుంది, ఉన్న వేడి కాస్తా బండి ముందున్న పెద్ద రేడియేటర్‌లో ఆరిపోతుంది. థర్మోస్టాట్ లేని ఇంజను సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది. బాబాయిగారు తీసేశానని స్వయంగా చెప్పారు కూడా.

ఆ థర్మోస్టాట్‌ని ఎప్పుడైనా చూశారా? అరచేతిలో ఇమిడే ఇత్తడి తలుపు, మధ్యలో మైనం నింపిన చిన్న గుండు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు తలుపు మూసుకుని ఉంటుంది, నీళ్ళు ఇంజనులోనూ హీటరులోనూ మాత్రమే తిరుగుతాయి. మీ బండి లాంటివాటిలో సుమారు 82 డిగ్రీలకి, కొన్ని బళ్ళలో 88కి, మైనం కరిగి ఉబ్బి తలుపు తోస్తుంది. అప్పుడే నీళ్ళు పెద్ద రేడియేటర్‌కి వెళతాయి. ఆ తలుపే లేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచీ నీళ్ళు రేడియేటర్‌కే పరిగెడతాయి. మన అమలాపురం ఎండలో ఆ లోటు తెలియదు. సుమారు 1000 మీటర్ల ఎత్తున, 5 డిగ్రీల చలిలో, ఎదురుగాలికి రేడియేటర్ ఐసులా తయారవుతుంది. ఇంజను వేడెక్కలేదని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పంపుతూనే ఉంటుంది. మీ మైలేజీలో పోయిన మూడు కిలోమీటర్లలో కొంతైనా అక్కడికే పోయి ఉంటుంది. ఇంజను ఆయిలు కూడా సరిగా కాగదు. అందులోని తడి ఆవిరై పోక జిగురుగా మారుతుంది. అందుకే మన కోనసీమలో హీటరు ఎందుకన్న మాట నేను ఒప్పుకోలేను. హీటరు అక్కర్లేకపోవచ్చు, ఆ తలుపు మాత్రం ఇంజనుకి కావాలి.

అయినా బాబాయిగారి మీద కోపం పెట్టుకోకండి. ఎండాకాలం ఇంజను మరుగుతోందని ఒక కుటుంబం ఆయన దగ్గరికొచ్చింది. వాల్వు తీశారు, మరగడం ఆగింది, బండి ఇన్నేళ్ళు తిరిగింది. కార్బ్యురేటర్ల కాలం నుంచి మన షెడ్లలో వస్తున్న పద్ధతే అది. కాకపోతే మరగడానికి అసలు కారణం అలాగే ఉండిపోయింది. ఆ కారణం బహుశా నీళ్ళు.

ఈ విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే డెల్టాలో బళ్ళ జబ్బులు సగం ఇక్కడే మొదలవుతాయి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ మన బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. బకెట్ అంచున పట్టే తెల్లటి చార, గీజరు కడ్డీ మీద కట్టే పెచ్చు మీరు చూసే ఉంటారు. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోస్తే అదే పెచ్చు లోపల కడుతుంది. కాలవ నీళ్ళు మేలనుకుంటారు కొందరు. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో మా నాయనమ్మ ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపేది. తెల్లారేసరికి పైన తేట, అడుగున వేలెడు ఒండ్రు. ఆ ఒండ్రే ఇంజనులోకి వెళితే ఎక్కడ దిగుతుంది? నీళ్ళు నెమ్మదిగా పారే చోట. చిన్న రేడియేటర్ గొట్టాలు చాలా సన్నం. అక్కడ దిగుతుంది.

ముప్పై ఏళ్ళ కిందట నా సొంత బండికి నేనూ ఇంటి బోరు నీళ్ళే పోశాను. హీటరు అవసరం పడని బండి కాబట్టి పట్టించుకోలేదు. ఒకరోజు ముందు సీటు కింద పట్టా తడిసి కనబడింది. ఆ చిన్న రేడియేటర్ బయటికి తీసి కోసి చూస్తే, గొట్టాల నోళ్ళన్నీ తడిసిన ఇటుకపొడి లాంటి ముద్దతో పూడిపోయి ఉన్నాయి. మేకుతో గీస్తే పొడి రాలేది, అడుగున లోహం గవ్వలాగా గుంటలు పడి ఉంది. ఆ ముక్క చాలాకాలం నా బల్ల మీద ఉంచుకున్నాను, కుర్రాళ్ళకి చూపించడానికి.

అందుచేత మీ బండిలో థర్మోస్టాట్ లేకపోవడం ఖాయం. కోర్ పూడిందా లేదా అన్నది చూస్తేగాని చెప్పలేం. రాజమండ్రి షెడ్డువాళ్ళు పైపులు ముట్టుకోకుండానే డాష్‌బోర్డు విప్పాలన్నారని రాశారు. వాళ్ళు చెప్పింది చివరికి నిజమే కావచ్చు, కానీ ఆ మాట మొదటే అనేది కాదు.

చూసే పద్ధతి మీరే చేయగలిగినంత తేలిక. బండిని అరగంట తిప్పి, చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, హీటరు మీట పూర్తి వేడి వైపు పెట్టి, బోనెట్ ఎత్తండి. ఇంజనుకీ క్యాబినుకీ మధ్యనుండే రేకుగోడలోకి బొటనవేలంత లావు రబ్బరు పైపులు రెండు వెళుతుంటాయి. చున్నీ, జడ, గాజులు ఫ్యానుకీ బెల్టుకీ అందకుండా సర్దుకుని, గుడ్డ అడ్డం పెట్టుకుని ఒక్కొక్కటీ జాగ్రత్తగా తాకండి. రెండూ గోరువెచ్చగానే ఉంటే ఇంజను నీళ్ళే వేడెక్కలేదన్నమాట, థర్మోస్టాట్ పని. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడి, రెండోది చల్లగా ఉంటే కోర్ పూడింది. కొన్ని బళ్ళలో ఆ పైపు మీద తీగతో లాగే చిన్న కుళాయి ఉంటుంది, అది బిగుసుకుపోయినా ఇలాగే కనబడుతుంది. రెండూ బాగా వేడిగా ఉండి లోపల గాలి చల్లగా వస్తే మీటకి కట్టిన కేబులు ఊడి లోపలి తలుపు కదలడం లేదు. అది చవక పని. గాలే నీరసంగా వస్తుంటే బ్లోయరు దగ్గర వెతకాలి. కొబ్బరిచెట్ల కింద నిలిపే బళ్ళలో ఎలుకలు కొబ్బరిపీచు తెచ్చి అక్కడ గూడు కడతాయి, నేను పిడికిళ్ళకొద్దీ లాగాను.

రేడియేటర్ మూత మాత్రం వేడిమీద తిప్పకండి. ఒత్తిడితో మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే తీయండి. మూత లోపలి రబ్బరు మీద ఇటుకరంగు బురద ఉంటే నేను పైన చెప్పిన కథే మీ బండిదీ. నీళ్ళు ఎక్కడా కారకుండానే తగ్గిపోతున్నా, సైలెన్సరు నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తున్నా, ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారినా హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను పైభాగానికీ కింది దిమ్మకీ మధ్యనుండే పొర, పోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు హీటరు మాట పక్కనపెట్టి ముందు అది చూపించండి.

ఇక మీ ముందున్న దారులు.

ఈ చలికాలానికి ఏమీ చేయించకుండా నెట్టుకురావచ్చు. మహా అయితే ఇంకో రెండు ప్రయాణాలు. ఏసీతో అద్దం తేటగా ఉంచుకుని, అమ్మగారికి మేజోళ్ళు, రగ్గు, వేడినీళ్ళ సంచి పెట్టి, తెల్లవారుజామున కాక తొమ్మిది దాటాక ఘాట్ ఎక్కడం. ఖర్చు లేదు. ఆయాసం ఉన్న మనిషికి చల్లటి ఏసీ గాలి నాకు ఇష్టం లేదు, ఇంజను నష్టమూ ఆగదు. లారీవాళ్ళు కొండ ఎక్కేముందు రేడియేటర్ ముందు అట్టముక్క కడతారు, అదీ పనిచేస్తుంది. సగానికి మించి కప్పకూడదు, ముల్లు మీద కన్నుండాలి, నర్సీపట్నం దిగగానే తీసేయాలి. మరిచిపోయి తుని ఎండలో అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్‌కే చేటు. అందుకని అత్యవసరానికి తప్ప ఇది చెప్పను.

మీవారు తెప్పించిన ప్లగ్ హీటరు గురించి ఒక్క మాట. ఆ సాకెట్ 12 వోల్టులది, ఫ్యూజు మహా అయితే 15 ఆంపియర్లు. అంటే 180 వాట్లు. మీ ఇంట్లో గీజరు 2000 వాట్లు ఉంటుంది. ఆయన ప్రేమతో తెచ్చారు, కానీ దానివల్ల కానిపని. ఎక్కువసేపు పెడితే సాకెట్ వైర్లు కాలే ప్రమాదముంది, తీసేయండి.

రెండో దారి, నేను మొగ్గే దారి: థర్మోస్టాట్ తిరిగి పెట్టించి, ఇంజను నీళ్ళు మొత్తం మార్పించడం. ఒక పూట పని, వందల్లోనో కొద్ది వేలల్లోనో తేలిపోతుంది. కానీ వరస ముఖ్యం. పెద్ద రేడియేటర్ పూడి ఉండగా థర్మోస్టాట్ పెడితే వచ్చే మేలో బండి మళ్ళీ మరుగుతుంది, బాబాయిగారు "నేను అప్పుడే చెప్పాను" అంటారు, ఆ మాట నిజమే అవుతుంది. కాబట్టి ముందు రేడియేటర్ శుభ్రం చేయించి, ఫ్యాను సమయానికి తిరుగుతోందో చూసి, మూత రబ్బరు పోతే కొత్త మూత వేయించి, ఆ తర్వాతే థర్మోస్టాట్. కొత్తదాన్ని బిగించేముందు వంటకి వాడని గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి కాచి చూడండి. నీళ్ళు తెర్లడానికి ముందే తలుపు తెరుచుకోవాలి, పొయ్యి ఆపాక మూసుకోవాలి. పిల్లలకి చూపిస్తే సంబరపడతారు.

అదే పూట చిన్న కోర్ కూడా కడిగించండి. రెండు పైపులూ విప్పి, నీళ్ళు బయటికొచ్చే గొట్టంలోంచి లోపలికి, అంటే ఎదురుదిశలో, కుళాయి పైపుతో మెల్లగా వదలాలి. మొదట ఎర్రటి బురద వస్తుంది, తేటనీళ్ళు వచ్చేదాకా వదలాలి. కార్లు కడిగే ప్రెషరు గన్ను పెట్టనివ్వకండి, యాసిడ్ పోయనివ్వకండి, ఇన్నేళ్ళ గొట్టం పగులుతుంది. మెల్లగా కడిగినా ఒక ప్రమాదం ఉంది. చిల్లు పడ్డచోట తుప్పే అడ్డుపడి కారకుండా ఆపుతుంటే, కడిగాక అది కారడం మొదలెట్టవచ్చు. ముందు సీటు కింద పట్టా తడిసినా, బండిలో తియ్యటి వాసన వచ్చినా, అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర కట్టినా కోర్ కారుతోందని అర్థం. ఇది తెలిసి దిగండి.

తిరిగి నింపేటప్పుడు కూలెంటూ (ఇంజను నీళ్ళలో కలిపే రంగు ద్రవం) డిస్టిల్డ్ నీళ్ళూ సగం సగం. బ్యాటరీకి పోసే నీళ్ళే అవి. కలిపి అమ్మే డబ్బా అయితే నీళ్ళు కలపక్కర్లేదు. రంగులు వేరైన రెండు కూలెంట్లు కలపకండి. లోపల గాలి బుడగ చిక్కుకుంటే ఇంత చేసినా హీటరు చల్లగానే ఉంటుంది. దాన్ని వదిలించాలంటే బండి ముక్కు పైకి ఉండాలి. మన ఊళ్ళలో వాలెక్కడిదంటారా, కాలవగట్టు ఎక్కే దారి చాలు. చల్లటి ఇంజను, మూత తీసి, హీటరు మీట వేడి వైపు, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజను నడవనిచ్చి, దిగిన మేర కూలెంటు పోస్తూ ఉండాలి. చక్రాల వెనక ఇటుకలు పెట్టడం మరవకండి.

పారబోసిన పాత నీళ్ళలో కూలెంటు కలిసి ఉంటే కాలవలోకి వదలొద్దు. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలూ గేదెలూ తాగుతాయి. డబ్బాలో పట్టి మూతపెట్టి, పాత ఆయిలు తీసుకెళ్ళేవాళ్ళకి ఇవ్వమనండి.

ఇదంతా అయ్యాక కూడా ఒక పైపు వేడిగా, ఒకటి చల్లగా ఉంటే అప్పుడు మూడో దారి, డాష్‌బోర్డు విప్పి కోర్ మార్చడం. రాజమండ్రి షెడ్డువాళ్ళ మాట అప్పుడు చెల్లుతుంది. పాత ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని విరగక తప్పదు, తర్వాత గతుకుల్లో డాష్‌బోర్డు కిటకిటమంటుంది. ఏసీ గ్యాసు కూడా తీసి మళ్ళీ నింపాల్సి రావచ్చు. ఇవి ముందే అడిగి, పాత కోర్ మీ చేతికి ఇవ్వాలని చెప్పి, అప్పుడు ఒప్పుకోండి. కోర్ కారుతుంటే, మార్చే స్తోమత లేకపోతే, రెండు పైపులూ కలిపేసి దాన్ని పక్కకి తప్పించవచ్చు. ఇంజనుకి నష్టం లేదు. హీటరు మాత్రం ఇక లేనట్టే, చింతపల్లికి వేరే బండి చూసుకోవాలి.

అమ్మేయమంటున్న తమ్ముడి మాటలోనూ కొంత నిజముంది. 15 ఏళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్. మీది 2023లో అయింది కాబట్టి మళ్ళీ 2028లో. అప్పటికి బాడీకి ఉప్పుగాలి తుప్పు ఎంత పడుతుందో చూసి నిర్ణయించుకోవచ్చు. ఇప్పుడు హీటరు చల్లగా ఉందన్న ఒక్క కారణానికి అమ్మితే, థర్మోస్టాట్ లేదన్న ధరకి అమ్ముడుపోతుంది, మీ చేతికొచ్చే కొత్త పాతబండికి ఏ జబ్బుందో తెలియదు. దీని చరిత్ర మొత్తం మీకు తెలుసు. నాన్నగారి బండి కాబట్టి ఉంచుకోమని నేననను. లెక్క చూసినా ఈ ఏడాది ఉంచుకోవడమే లాభం. నాన్న ఉంటే ఏం చేసేవారని అడిగారు. నాకాయన తెలియదు. కానీ కూతురికి కాలవగట్టు మీద స్టీరింగు ఇచ్చిన మనిషి, ఆమె బోనెట్ ఎత్తి పైపులు తాకి చూస్తానంటే వద్దనేవారని అనుకోను.

చివరికి బాబాయిగారు. ఆయనకి చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళకండి. చెప్పే తీరు చూసుకోండి. "మీరు తీసేసినందువల్లే ఇలా అయింది" అంటే ఆ వయసు మనిషి బిగుసుకుపోతారు. ఘాట్‌లో జరిగింది ఆయనకి పూర్తిగా చెప్పినట్టు ఉత్తరంలో కనబడలేదు. హీటరు పనిచేయడం లేదని మాత్రమే చెప్పి ఉంటారు. అందుకే ఆయన ఎండ మాట ఎత్తారు. ఈసారి అమ్మగారి కాళ్ళ సంగతి, కూరగాయల వ్యాను సంగతి చెప్పండి. "బాబాయ్, అమ్మని చింతపల్లి తీసుకెళ్ళాలి, ముల్లు పావు దాటడం లేదు, వాల్వు తిరిగి పెడితే ఎండాకాలం మరగకుండా ఏం చేద్దాం?" అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు ఆయన దగ్గరే ఉంటుంది, ఆ ఇంజనుని ఆయనకంటే ఎరిగినవాళ్ళు లేరు. అప్పటికీ కాదంటే, "అయితే ఈ ఒక్క పనికి రాజమండ్రి ఇస్తాను, మిగతావన్నీ మీరే" అని ఎదురుగానే చెప్పి వెళ్ళండి. నొచ్చుకుంటారేమో, అయినా మీ నోటినుంచి వింటేనే మేలు. ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఆ బాధ ఎక్కువ.

ఆదివారం పొద్దున్నే, ఇంజను తాకకముందు ఆయన్ని ఇంటికి రమ్మనండి. రేడియేటర్ మూత ఆయన చేతే తీయించండి. తర్వాత ఇద్దరూ కలిసి బండి అరగంట తిప్పుకొచ్చి, ఆ రెండు పైపులూ ఆయన చేత కూడా తాకించండి. ఏది వేడిగా ఉందో, ఏది చల్లగా ఉందో నాకు రాయండి. చింతపల్లి వెళ్ళే శనివారం లోపు జవాబిస్తాను.